ఎనభై శాతం

ఈ ఊళ్లో పిల్లలకు ర్యాంకులు తెప్పించడానికి కోచింగ్ ఇచ్చేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. ఫెయిలవడానికి కోచింగ్ ఇచ్చేది మాత్రం కూకట్‌పల్లి మొత్తానికి వాసంతి ఒక్కతే. ఈ మాట ఆమె తన గురించి తానే చెప్పుకుని నవ్వుతుంది. కొత్తగా వచ్చిన తల్లులు నవ్వరు. ఒకసారి క్యాంపుకి వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చాక వాళ్ళకీ ఆ మాట అర్థమవుతుంది.

క్యాంపు అంటే ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లు పిల్లల్ని చూసి, వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే చోటు. నలభై దాటితే ఆ పిల్లాడు సర్కారు కంట పడినట్టు. దాటకపోతే వాడు ఒట్టి అల్లరివాడు, వాడి తల్లికి పెంపకం చేతకాదు, కథ కంచికి. మధ్యలో ఇంకేమీ లేదు. కొడుకు బాలు కోసం ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగి, ఏ గుమ్మంలో ఏం చూపిస్తే పని జరుగుతుందో వాసంతి నేర్చుకుంది. బాలు పెద్దవాడయ్యాడు. నేర్చుకున్నది పారేయలేక, ఇలాంటి తల్లులతో వాట్సాప్ గ్రూపు పెట్టి, ఊరివాళ్ళకు పంచుతోంది. పైసా తీసుకోదు. కానీ తన మాట వినకపోతే ఊరుకోదు.

తేజస్విని వింటుందని మొదటిరోజే తెలిసిపోయింది.

నిజాంపేటలో నాలుగో అంతస్తు ఫ్లాటు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, దాని పక్కన సగం తిని వదిలేసిన దోసె. తేజస్వినిది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం; కొడుకు కోసమని మేనేజర్ని బతిమాలుకుని సగం రోజులు ఇంటినుంచే పని చేస్తోంది. ప్రొద్దుటూరు వాళ్ళు. భర్త మధుసూదన్ గచ్చిబౌలి ఆఫీసుకు పోతే చీకటిపడ్డాకే రావడం.

"ముప్పై వేసినారు ఆంటీ" అంది తేజస్విని, మీటింగులో తన గొంతు వినబడకుండా మ్యూట్ నొక్కి. "వాడు క్లాసులో పట్టుమని పది నిమిషాలు కూర్చోడు. బెల్లు మోగితే బెంచీ కింద దూరతాడు. ఆకలైతే అన్నం అని అడగడం రాదు. ఏడేండ్లు వాడికి. ముప్పై ఎట్ల అవుతాది?"

"నువ్వేం చేశావో అది చెప్పు ముందు."

"నేనేం చేసినా? క్యాంపు ఉందని తెలిసినప్పటినుంచీ రోజూ ప్రిపేర్ చేయించినా."

ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. సాయంత్రం కాగానే తేజస్విని తెల్లచున్నీ భుజాన వేసుకుని డాక్టరులాగా తలుపు తీసుకుని లోపలికి వచ్చేదట. జశ్వంత్ లేచి నిలబడి 'గుడ్ మార్నింగ్ డాక్టర్, మై నేమ్ ఈజ్ జశ్వంత్' అనాలి. మొదట్లో తలుపు చప్పుడుకే చెవులు మూసుకునేవాడు. తర్వాత 'గుడ్' వచ్చింది. తర్వాత మొత్తం వచ్చింది. వచ్చినప్పుడల్లా తల్లీ తండ్రీ చప్పట్లు కొట్టేవాళ్ళు, వాడూ కొట్టేవాడు. క్యాంపులో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. డాక్టరమ్మ ముచ్చటపడి చాక్లెట్ ఇచ్చి ముప్పై వేసింది.

వాసంతికి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ ఊరి తల్లులు మాత్రమే చేయగల తప్పు ఇది. ఎల్‌కేజీ సీటుకి ఇంటర్వ్యూ, ఒలింపియాడ్‌కి మాక్ టెస్టు. పరీక్ష అన్న మాట చెవిన పడితే చాలు, వీళ్ళకు చేతులు ఊరుకోవు. వాడికి ఏం రాదో చూద్దామని పిలిచిన పరీక్షకు కూడా తల దువ్వి, పౌడరు రాసి, తయారుచేసి తీసుకుపోతారు.

"స్కూలువాళ్ళు ఏమంటున్నారు?"

"సర్టిఫికెట్ ఉంటే స్పెషల్ పిల్లోడి కింద చూస్తారంట. హెల్పర్‌ను క్లాసులోకి రానిస్తారంట. లేకపోతే డిసిప్లిన్ లేదని టీసీ ఇస్తామంటున్నారు. దసరా సెలవులకు ముందే తేల్చుకోమన్నారు. వాడికి ఆ స్కూలంటే ఇష్టం ఆంటీ. బస్సు చూస్తే ఎగురుతాడు. ఆ సీటు పోతే వాణ్ణి ఇంకెవరు తీసుకుంటారు?"

"ఎవరూ తీసుకోరు" అంది వాసంతి. అబద్ధపు ధైర్యాలు చెప్పడం ఆమెకు చేతకాదు. "మళ్ళీ క్యాంపుకు పేరు రాయిద్దాం. శాతం వస్తే విద్యాధికారి దగ్గర నేను మాట్లాడతాను. ఇవాళ సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. నువ్వు నీ పని చూసుకో, నన్ను పట్టించుకోకు."

ఇది ఆమె పని చేసే పద్ధతి. పిల్లాణ్ణి చూడదు, తల్లి చేతులు చూస్తుంది. స్కూలు బస్సు దిగి జశ్వంత్ వచ్చాడు. బక్కపల్చగా, పెద్ద కళ్ళతో, ఎవరినీ చూడకుండా గోడ పట్టుకుని నడిచాడు. వాడు వంటింటివైపు తిరగకముందే తేజస్విని మిక్సీ ప్లగ్గు పీకేసింది. చొక్కా మార్చేటప్పుడు కొత్త చొక్కా కాలరు దగ్గర లేబులు కత్తిరించేసింది. అన్నంలో పప్పు కలిసిపోకుండా గిన్నెలు విడిగా పెట్టింది. మీటింగులో మాట్లాడుతూనే, వాడు కుర్చీ అంచుకు జరుగుతుంటే కాలు అడ్డంపెట్టి ఆపింది. వాడు మూలిగితే చాలు, నీళ్ళో, నిద్రో, భయమో ఆమెకు తెలిసిపోతోంది. తను చేస్తున్నానని కూడా ఆమెకు తెలియదు.

"చూశావా?" అంది వాసంతి సాయంత్రం. "వాడు బాగున్నట్టు కనబడుతున్నాడంటే, సగం వాడు, సగం నువ్వు. డాక్టరు ఆ సగాన్ని కూడా వాడి ఖాతాలోనే వేసింది. క్యాంపు రోజున నీ చేతులు తీసెయ్యాలి. లేబులు కత్తిరించకు. నిద్రపుచ్చకు. మూలిగితే పలక్కు."

తేజస్విని తలూపింది. అంతలో జశ్వంత్ వచ్చి వాసంతి ముందు నిలబడ్డాడు. ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ, గొంతు పెంచి, "గుడ్ మార్నింగ్ డాక్టర్! మై నేమ్ ఈజ్ జశ్వంత్!" అన్నాడు. కిటికీ అవతల పొద్దు వాలుతోంది. తేజస్విని చేతులు వాటంతటవే లేచాయి.

వాసంతి ఆ రెండు చేతులూ పట్టుకుంది. "ఇదిగో, ఇదే ముందు ఆపాలి."

"వాడికి వచ్చింది ఇదొక్కటే ఆంటీ."

"ఇదొక్కటే వాడి కొంప ముంచింది. తిట్టకు, కొట్టకు. అన్నప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకో, వినబడనట్టు ఉండు. చప్పట్లు పడనిది ఏ పిల్లాడూ ఎక్కువ రోజులు ఆడడు."

జశ్వంత్ చప్పట్ల కోసం చూస్తూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఇద్దరాడవాళ్ళూ గోడకేసి చూశారు.

తర్వాతి రోజుల్లో తేజస్విని ఫోను చేస్తూనే ఉంది. వాసంతి ఒక చెవిన ఫోను పెట్టుకుని బాలుకి జొన్నరొట్టె తుంపి పెడుతూ వినేది.

"పొద్దున్నుంచీ అదే పని ఆంటీ. నా చున్నీ పట్టుకొని లాగి మరీ చెప్తున్నాడు. నేను బాత్‌రూంలోకి పోయి కుళాయి తిప్పుకున్నా."

"మంచిది. అలాగే ఉండు."

"వాళ్ళ నాయన ఆగలేక చప్పట్లు కొట్టినాడు. ఇద్దరం గొడవ పడినాం."

"ఆయన్ని ఆఫీసులోనే ఉండమను నాలుగు రోజులు."

ఒకరోజు తేజస్విని ఫోను చీకటిపడ్డాక వచ్చింది. "ఈరోజు చెప్పలేదు ఆంటీ" అంది.

"అసలు చెప్పలేదా?"

"నా ఎదురుగా వచ్చి నిలబడినాడు. నోరు తెరిచినాడు. నా ముఖం చూసినాడు. మళ్ళీ మూసుకున్నాడు."

"హమ్మయ్య!" అంది వాసంతి. జ్వరం తగ్గిందంటే అనేమాటలా వచ్చింది అది.

క్యాంపు రోజున ఆసుపత్రి వరండా జాతరలా ఉంది. టోకెన్లు పిలిచే గొంతులు, ఏడుపులు, పాత ఫ్యాను గరగర. జశ్వంత్ మెడ దగ్గర లేబులు గుచ్చుకుని చర్మం ఎర్రగా కందింది. రెండు చేతులతో చెవులు మూసుకుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. మామూలుగానైతే తేజస్విని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని వీపు మీద గట్టిగా అదిమేది. ఇవాళ తన చేతుల్ని తనే చున్నీలో చుట్టుకుని కూర్చుంది. పక్కనున్న ముసలామె, "గట్ల సూస్త కూసున్నవేంది బిడ్డా, ఎత్తుకోరాదు?" అని మందలించింది. తేజస్విని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కదల్లేదు. శభాష్ అనుకుంది వాసంతి.

లోపల అదే డాక్టరమ్మ. బల్ల మీద రంగురంగుల చెక్కముక్కలు పెట్టింది. "హలో జశ్వంత్, నన్ను గుర్తుపట్టావా?" అంది నవ్వుతూ.

గుర్తుపట్టాడు. వాడి వీపు నిటారైంది. చెవుల మీదనుంచి చేతులు దించాడు. "గు..." అన్నాడు. అని, ఆగి, తల్లివైపు తిరిగాడు.

తేజస్విని మూలనున్న బరువు తూచే మిషనుకేసి చూడసాగింది. వాడు చూస్తూనే ఉన్నాడు. వాసంతి ఎంతోమంది పిల్లల్ని ఆ గదిలోకి తీసుకొచ్చింది, ఇంతసేపు చూసిన పిల్లాడు మాత్రం లేడు. తల్లి ముఖం తిరగలేదు. వాడు నెమ్మదిగా వంగి, బల్ల అంచుకు నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. చెక్కముక్కలు గదంతా చెదిరాయి. ఆపబోయిన నర్సు చెయ్యి కొరికాడు. డాక్టరమ్మ నవ్వు మానేసి రాయడం మొదలుపెట్టింది.

ఎనభై వచ్చింది.

వాసంతి మెట్ల మీదనే తేజస్వినిని కౌగలించుకుంది. "ఎనభై అంటే డిస్టింక్షనే! మా గ్రూపులో ఈ ఏడాది ఇదే టాప్. ఇంక నీ కొడుకుని ఆ స్కూల్లోంచి ఎవడు కదుపుతాడో నేనూ చూస్తాను" అంది. తేజస్విని నవ్వుతూ ఏడుస్తూ అక్కడే కూర్చుని, పళ్ళతో కొరికి ఆ లేబులు తెంపేసింది. వాడి మెడ మీద ఊదుతూ, "అయిపోయింది జశూ, అయిపోయింది" అని చెప్పింది. ఇంటికి వెళ్ళగానే తెల్లచున్నీ వేసుకుని తలుపు తీసుకుని వచ్చిందట, ముందుగానే చప్పట్లు కొడుతూ. వాడు చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడని ఫోనులో చెప్పింది.

"అలిగాడులే, మాట అదే వస్తుంది" అంది వాసంతి.

కానీ స్కూలు నుంచి హెల్పర్‌ను రానిస్తామన్న కబురు రాలేదు. ఎనభై శాతం పిల్లాణ్ణి చూసుకునే వసతి తమకు లేదన్న కబురు వచ్చింది. విద్యాధికారి రెండు పక్షాలనూ పిలిచాడు.

ఆ ఆఫీసు ఒక ప్రభుత్వ బడి ఆవరణలో వెనకాల రెండు గదులు. అటెండరు బాలనర్సయ్య బల్ల చూపించి, "జర సేపు కూసోండ్రి, సారు ఫోన్‌ల ఉన్నడు" అన్నాడు. జశ్వంత్ ఆ రోజు బుద్ధిగా ఉన్నాడు. తేజస్విని వాడికి పాత మెత్తటి చొక్కా తొడిగింది, కడుపునిండా పెట్టింది, దారిపొడుగునా వీపు నిమురుతూ తెచ్చింది. ఇక వాడు బాగుంటే తప్పేమిటి? శాతం చేతికి వచ్చేసింది కదా.

విద్యాధికారి పట్టాభిరామయ్య మంచివాడు. వాసంతికి ఆయనతో చాలాసార్లు పని పడింది. చట్టం చెబితే వింటాడు, చెప్పకపోయినా వింటాడు. ఆయనకు ఎదురుగా స్కూలు ప్రిన్సిపాల్ పట్టుచీరలో కూర్చుని ఉంది.

"సర్, మేం నో అనట్లేదు" అంది ప్రిన్సిపాల్. "డాక్టర్లే రాశారు, సివియర్ అని. మాటల్లేవు, తనని తాను కొట్టుకుంటాడు, కొరుకుతాడు అని. క్లాసులో ముప్పై మంది ఉన్నారు. రేపు ఏదైనా అయితే ఎవరు రెస్పాన్సిబుల్? ఇలాంటివాళ్ళకు ఇంటి దగ్గరే చదువు చెప్పించే స్కీము మీ దగ్గరే ఉంది కదా సర్."

"అది తల్లిదండ్రులు కోరుకుంటేనే సార్" అంది వాసంతి వెంటనే. "వీళ్ళు కోరుకోవట్లేదు. బడిలోనే, తోటిపిల్లల మధ్యే ఉంచాలని చట్టం."

"నిజమేనమ్మా" అన్నాడు పట్టాభిరామయ్య. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కానీ కాగితం చూస్తే ఆవిడ చెప్పేదీ కాదనలేకుండా ఉంది. పిల్లాడేమో చక్కగా కూర్చున్నాడే. చూడండి మేడం, ఇంతసేపటి నుంచీ కదల్లేదు. ఏం తల్లీ, మాటలు అసలు రావా?"

"వస్తాయి సార్" అంది తేజస్విని. "పేరు చెప్తాడు. ఇంగ్లీషులో చెప్తాడు."

ప్రిన్సిపాల్ కనుబొమలెత్తింది. "మరి సర్టిఫికెట్‌లో లేవని ఉందే?"

ఇన్నేళ్ళలో ఏ గుమ్మంలో ఏం చూపించాలో వాసంతి చూసుకుంది. ఆ గుమ్మంలో చూపించిందే ఈ గుమ్మంలోకి నడిచొస్తుందని చూసుకోలేదు.

"ఆ కాగితం సంగతి పక్కన పెట్టండి" అన్నాడు పట్టాభిరామయ్య. "చెప్పనివ్వండి. వాడు పేరు చెబితే, ఇలాగే కూర్చుంటే, బడిలోనే ఉంచమని నేనే ఆర్డరు రాస్తాను. ఒక హెల్పర్‌ని కూడా అనుమతించాలి, సరేనా మేడం?" కుర్చీలోంచి ముందుకు వంగాడు. "గుడ్ మార్నింగ్ బాబూ. నీ పేరేమిటి?"

జశ్వంత్ ఆయన్ని చూశాడు. వీపు నిటారైంది. తర్వాత తల్లివైపు తిరిగాడు.

ఈసారి తేజస్విని ముఖం తిప్పుకోలేదు. కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, వాడి ముఖంలో ముఖం పెట్టి నవ్వింది. "చెప్పు జశూ. చెప్పొచ్చు నాన్నా. అమ్మ వింటోంది. గుడ్ మార్నింగ్..."

వాడి కళ్ళలో బెదురు కనబడింది. చటాలున చెయ్యి చాపి తల్లి నోరు మూశాడు.

తేజస్విని ఆ చెయ్యి తీసి ముద్దుపెట్టుకుంది. "చెప్పు నాన్నా, మై నేమ్..." వాడు రెండు చేతులతోనూ మూశాడు, గట్టిగా, గోళ్ళు దిగేలా. అల్లరి కాదు అది. తప్పు చేయబోతున్న మనిషిని ఆపుతున్నట్టుగా ఉంది. ఆమె వేళ్ళ సందుల్లోంచి ఏదో అనబోయింది. వాడు తల అడ్డంగా ఊపుతూ, ఏడుస్తూ, ఇంకా గట్టిగా మూశాడు. ఆమె పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"చూశారా సర్?" అంది ప్రిన్సిపాల్. పాపం, ఆమె గొంతులో కూడా గెలుపు లేదు.

"సార్, అది వాడి తప్పు కాదు, నేనే..." అని మొదలుపెట్టింది వాసంతి. తర్వాతి మాట ఏమిటో వెతుక్కుంది. నేనే మాట్లాడవద్దని నేర్పించాను అంటే సర్టిఫికెట్ పోతుంది. గ్రూపులో ఇంతమంది పిల్లల సర్టిఫికెట్ల మీదకీ వస్తుంది. ఆమె నోరు తెరిచి మూసుకుంది.

పట్టాభిరామయ్య ఇంకేమీ అడగలేదు. చాలాసేపు బాధపడ్డాడు, తర్వాత రాశాడు. ఇంటి దగ్గర చదువు. వారానికి ఒకసారి టీచరు ఇంటికి వస్తుంది. "దీన్ని శిక్ష అనుకోకమ్మా, ఇది కూడా సర్కారు ఇచ్చే సాయమే. పిల్లాడు కుదుటపడ్డాక మళ్ళీ చూద్దాం" అన్నాడు. తేజస్విని చున్నీ కొంగుతో పెదవి అదుముకుని వింది. సంతకం పెట్టమంటే పెట్టింది. మధుసూదన్ ఫోను చేశాడు. "పని అయిందా?" అని అవతల అడగడం అందరికీ వినబడింది. ఆమె కట్ చేసింది.

గుమ్మం దాటాక వాసంతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "జిల్లా ఆఫీసులో అప్పీలు వేద్దాం తల్లీ. ఇలాంటివి నేను చాలా చూశాను."

తేజస్విని ఆగింది. కోపంగా లేదు. పనిలో అర్థంకానిది అడిగినట్టే అడిగింది.

"మీరు చెప్పిందంతా చేసినా ఆంటీ. ఒక్కటి కూడా తప్పలేదు. అప్పీలుకు ఎట్ల తీసుకొని రావల్ల వాణ్ణి? మాటతోనా, మాట లేకుండానా?"

తేజస్విని కొడుకు చెయ్యి పట్టుకుని గేటువైపు నడిచింది. రోడ్డు మీద స్కూలు బస్సు ఒకటి వెళ్ళింది. జశ్వంత్ ఎగిరాడు. తల్లి వాణ్ణి ఎత్తుకుని, బస్సు కనబడకుండా ఇటు తిప్పి ఆటో ఎక్కింది.

వాసంతి బల్ల మీద కూలబడింది. సిగ్గుగా ఉంది. అంతకన్నా ఎక్కువగా, అందరి మీదా, ఆ మంచి పట్టాభిరామయ్య మీద కూడా, మండిపోతోంది. ఒకచోట ఏమీ రాదని చూపించాలి, ఇంకోచోట అన్నీ వచ్చని చూపించాలి. ఆ రెంటి మధ్య ఉన్న పిల్లాణ్ణి, ఉన్నవాణ్ణి ఉన్నట్టు, చూసేవాడు ఈ ఊళ్లో ఎవడూ లేడు. తను కూడా చూడలేదు.

బాలనర్సయ్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చాడు. "ఏమైందమ్మా, గట్లున్నవ్? పరేషాన్ గాకు. గా చెట్టు కింద ఇంకొకామె కూసున్నది, నీ కోసమే. పొద్దుగాలనే వచ్చింది."

ఆమె అప్పటికే లేచి వస్తోంది. ఇరవై అయిదేళ్ళుంటాయి, వేలు పట్టుకుని ఐదేళ్ళ పాప. "వాసంతి ఆంటీయేనా అండీ? గ్రూపులో మీ గురించి, ఇవాళ ఇక్కడికి వస్తారని చదివానండి. పోయినసారి మా పాపకి ఇరవై ఐదే వేశారండి. రేపే మళ్ళీ క్యాంపు. మీరే దిక్కు" అంది గుక్క తిప్పుకోకుండా.

పాప వాసంతిని చూసింది. సూటిగా, కళ్ళలోకే చూసింది. వేలు విడిపించుకుని రెండు చేతులూ జోడించి, "నమత్తే" అంది.

తల్లి గబుక్కున వంగి ఆ చేతులు విడదీసింది. "వద్దని చెప్పానా?" అని, తలెత్తి వాసంతి ముఖంలోకి ఆశగా చూసింది. "ఇవేమీ చెయ్యనివ్వకూడదు కదండీ? కరెక్టే కదా ఆంటీ?"

కాదంటే రేపు మళ్ళీ ఇరవై ఐదే వస్తుంది. పాప మళ్ళీ చేతులు జోడించబోతూ, తల్లిని చూసి, సగంలో ఆపేసింది.

"కరెక్టేనమ్మా" అంది వాసంతి.